ప్రపంచం అంతమయ్యాక మొదలయ్యే నవలని మనవాళ్ల చేత చదివించడం ఎలా

పోస్ట్ అపోకలిప్టిక్ నవల, అంటే లోకం కూలిపోయాక సాగే కథ, ఏదైనా చదవమంటే చాలామంది అనే మాట ఒకటే: "ఉన్న బాధలు చాలవా, మళ్లీ ఇవెందుకు?" ఆ మాట రావడానికి కారణం ఎక్కువసార్లు పుస్తకం కాదు, మనం చెప్పిన పద్ధతి. "ఒక వైరస్ వచ్చి మనుషులంతా పోతారు, తర్వాత..." అని మొదలుపెడితే వినేవాళ్ల బుర్ర అక్కడే ఆగిపోతుంది. నిజానికి ఈ కోవ నవలల్లో చాలావాటిలో ప్రళయం మొదటి కొన్ని పేజీల్లోనే అయిపోతుంది. కొన్నింటిలో కథ మొదలయ్యేసరికే అయిపోయి ఉంటుంది. మిగిలిన మనుషులు ఆ తర్వాత ఏం చేశారన్నదే అసలు పుస్తకం. మనం చెప్పడం కూడా అక్కణ్ణుంచే మొదలుపెట్టాలి.

ముందుగా ఒక్క వాక్యం రాసుకోండి. అందులో రోగం, బాంబు, చావు అనే మాటలు రాకూడదు. "స్టేషన్ ఎలెవన్" గురించైతే: "అంతా కూలిపోయిన 20 ఏళ్ల తర్వాత కూడా ఊరూరా తిరుగుతూ షేక్‌స్పియర్ నాటకాలు ఆడే బృందం కథ." 1949లో వచ్చిన "ఎర్త్ అబైడ్స్" గురించైతే: "చదువు అంతరించిపోకూడదని తాపత్రయపడే మనిషి, ఆ చదువుతో పనే పడని పిల్లల మధ్య ముసలివాడవుతాడు." "ఎ కాంటికిల్ ఫర్ లీబోవిట్జ్" అయితే ఇంకా తేలిక. అందులో ఒక కుర్ర సన్యాసికి పాతకాలపు ఎలక్ట్రిక్ సర్క్యూట్ పటం ఒకటి దొరుకుతుంది. అదేమిటో, దేనికి పనికొస్తుందో అతనికి తెలియదు. అయినా పవిత్ర గ్రంథాన్ని నకలు చేసినంత భక్తితో, బంగారు రేకులతో అలంకరిస్తూ ఏళ్ల తరబడి దాని ప్రతి గీస్తాడు. ఈ ఒక్క సంగతి చెప్పి ఊరుకోండి. ఆసక్తి ఉన్నవాళ్లు "తర్వాత?" అని వాళ్లే అడుగుతారు.

ఆ వాక్యం ఎంతకీ రావడం లేదంటే పుస్తకంలో మీకు నచ్చిందేమిటో మీకే ఇంకా తేలలేదన్నమాట. గుర్తుండిపోయిన అధ్యాయం ఒకటి మళ్లీ చదివితే దారి దొరుకుతుంది.

తర్వాత ఎవరికి చెబుతున్నామన్నది చూసుకోవాలి. "నీకు సైన్స్ ఫిక్షన్ ఇష్టమా?" అని అడిగి లాభం లేదు, లేదనే అంటారు. ఈ మధ్య చివరిదాకా చదివిన పుస్తకమో, ఆపకుండా చూసిన సీరియలో ఏమిటని అడగండి. వస్తువులు విప్పి బాగుచేసుకునే అలవాటున్న మనిషికి "అలాస్, బాబిలోన్" బాగా పడుతుంది. అణుయుద్ధం తర్వాత ఫ్లోరిడాలోని ఒక చిన్న ఊళ్లో జనం నీళ్లు ఎలా తెచ్చుకున్నారు, ఉప్పు అయిపోతే ఎక్కడ వెతికారు లాంటి వివరాలు అందులో పుష్కలం. పరుగు కావాలనేవాళ్లకి "ది డే ఆఫ్ ది ట్రిఫిడ్స్" ఇవ్వండి. ఒంటరితనాన్ని, నిశ్శబ్దాన్ని ఇష్టపడేవాళ్లకి జర్మన్‌లో 1963లో వచ్చిన "ది వాల్" ఉంది. కనిపించని గోడ ఒకటి లోకం నుంచి వేరుచేసిన కొండల్లో ఒక ఆడమనిషి, ఒక కుక్క, ఒక ఆవు, ఒక పిల్లి, అంతే. మనుషుల మధ్య బంధాలు కావాలనేవాళ్లకి "స్టేషన్ ఎలెవన్"ని మించింది లేదు. మొదటిసారి ఈ కోవలోకి వస్తున్నవాళ్లకి నేరుగా "ది రోడ్" ఇవ్వడం మాత్రం మంచిది కాదు. 2007లో పులిట్జర్ బహుమతి వచ్చిన గొప్ప నవలే, కానీ మొదటి పుస్తకంగా అది తట్టుకోలేనంత బరువు.

హెచ్చరిక దగ్గర మొహమాటం పనికిరాదు. చాలామంది సస్పెన్స్ పోతుందని దాచేస్తారు, నమ్మకం పోయేది అక్కడే. "కొంచెం డార్క్‌గా ఉంటుంది" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. ఏముందో పేరుపెట్టి చెప్పండి, ఎవరికి జరుగుతుందో చెప్పకండి. "ది రోడ్"లో మనుషులు మనుషుల్ని తినే ఘట్టాలున్నాయి, అవి పిల్లవాడి కళ్లముందే వస్తాయి. చంటిపిల్లలున్నవాళ్లకి ఈ మాట ముందే చేరాలి. "ఆన్ ది బీచ్"లో అణుయుద్ధం తర్వాత రేడియేషన్ ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ వైపు వస్తుండగా జనం ఆత్మహత్య మాత్రల గురించి మామూలుగా మాట్లాడుకుంటారు. ఇంట్లో అలాంటి విషాదం జరిగినవాళ్లకి ఆ పుస్తకం ఇవ్వకండి. "బ్లైండ్‌నెస్"లో సామూహిక అత్యాచారం ఉంది. "ది వాల్"లో కుక్క చనిపోతుంది. ఆ సంగతి కథ చెప్పే ఆవిడే ముందుగా చెప్పేస్తుంది కాబట్టి మీరు చెప్పినా పోయేదేమీ లేదు. "స్టేషన్ ఎలెవన్"లో ప్రళయం తెచ్చేది ఫ్లూ. 2020, 2021ల్లో తమవాళ్లని పోగొట్టుకున్నవాళ్లని ముందు అడిగి, వాళ్లు సరేనన్నాకే ఇవ్వాలి.

అచ్చు పుస్తకమైతే దీనికొక మంచి ఉపాయం ఉంది. ఇబ్బంది పెట్టే ఘట్టానికి రెండు పేజీల ముందు ఒక చీటీ పెట్టండి. "ఇక్కణ్ణుంచి ఫలానా పేజీ దాకా వదిలేసినా కథ తెగదు" అని, పేజీ నంబరు వేసి రాయండి. అది నిజంగా వదిలేయగలిగిన ఘట్టమేనా అని ముందు మీరు సరిచూసుకోవాలి.

ఇక ఎంతవరకు చెప్పొచ్చు? మొదటి అధ్యాయం మొత్తం చెప్పినా ఫరవాలేదు. ట్రిఫిడ్స్ నవల కళ్లకి కట్టుతో ఆసుపత్రి మంచం మీద పడుకున్న మనిషితో మొదలవుతుంది. బుధవారం ఉదయం, కానీ బయట వీధి ఆదివారంలా నిశ్శబ్దం. ఇంతా చెప్పేయొచ్చు, ఇదే ఊరించేది కూడా. చెప్పకూడనివి వేరే: చివరికి ఎవరు బతికారు, వాళ్లు నడుస్తూ వెళ్తున్న చోటు నిజంగా ఉందా లేదా, కొత్తగా ఏర్పడ్డ సమాజం ఏమయింది.

దీనికి తిరగబడే సంగతి ఒకటుంది. రచయిత ఎప్పటికీ చెప్పని విషయం ఉంటే, అది చెప్పరని ముందే చెప్పాలి. "ది రోడ్"లో లోకం ఎందుకు కాలిపోయిందో చివరిదాకా తెలియదు. "ది వాల్"లో ఆ కనిపించని గోడ ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు. తెలియనివాళ్లు జవాబు కోసం ఎదురుచూస్తూ చదివి, ఆఖరి పేజీలో మోసపోయామనుకుంటారు. "కారణం చెప్పరు, దానికోసం చూడకు" అన్న ఒక్క మాటతో ఆ నిరాశ తప్పుతుంది.

భాష కూడా అడ్డమే. "ది రోడ్"లో కొటేషన్ గుర్తులుండవు, అధ్యాయాలుండవు, ఎవరు మాట్లాడుతున్నారో మొదట్లో తికమకగా ఉంటుంది. మొదటి రెండు మూడు పేజీలు పక్కన కూర్చుని పైకి చదివి వినిపిస్తే ఆ లయ పట్టుబడుతుంది. ఐదారు నిమిషాల పని. లేదంటే ఆడియోబుక్ చెప్పండి. "రిడ్లీ వాకర్" మొత్తం విరిగిపోయిన ఇంగ్లీషులో రాసింది, ఇంగ్లీషు రెండో భాషగా చదివేవాళ్లకి ఇప్పట్లో వద్దు. లీబోవిట్జ్‌లో లాటిన్ వాక్యాలు వస్తాయి, దాటేసి పోవచ్చని చెప్పండి. "ది స్టాండ్" ఇచ్చేముందు ఏ ప్రతో చూసుకోండి. 1978లో కుదించి వచ్చింది, 1990లో పూర్తి పాఠం వచ్చింది, అది 1100 పేజీలు దాటుతుంది. మొదటిసారి చదివేవాళ్లకి పాతదే నయం.

సినిమా చూశామనేవాళ్లతో ఒక చిక్కు. "ఐ యామ్ లెజెండ్" 2007 సినిమా చూసినవాళ్లు కథ తెలుసనుకుంటారు. ఆ నవల ముగింపు పూర్తిగా వేరు, ఆ పేరుకి అసలు అర్థం అక్కడే తెలుస్తుంది. ఇంతవరకే చెప్పి ఆపండి.

చెప్పేది ఫ్యామిలీ గ్రూపులో పెట్టకండి. అందరికీ చెప్పింది ఎవరికీ చెప్పనట్టే. ఒక్కొక్కరికి విడిగా, నాలుగు వాక్యాల్లో రాయండి. ఉదాహరణకి: "అక్కా, నీకు నాటకాలంటే ఇష్టం కదా, అందుకని ఈ నవల చెప్తున్నా. అంతా పోయాక కూడా నాటకాలాడుతూ తిరిగేవాళ్ల కథ. మొదట్లో ఫ్లూ వ్యాపించే భాగం కొంచెం కష్టంగా ఉంటుంది, ఆ తర్వాత తేలికపడుతుంది. 50 పేజీలు చదివి నచ్చకపోతే ఆపేయ్, నేనేమీ అనుకోను." ఇందులో ఆ మనిషికే ఎందుకు చెబుతున్నామో ఉంది, హెచ్చరిక ఉంది, ఆపేసే స్వేచ్ఛ ఉంది. ఆఖరి వాక్యం తీసేయకండి. బలవంతం లేదని తెలిస్తేనే పుస్తకం తెరుస్తారు. "నా జీవితాన్నే మార్చేసింది" లాంటి మాట వద్దు. అది వినగానే చదవడం ఒక పరీక్ష అయిపోతుంది.

రెండు వారాలు ఆగి ఒక్కసారే అడగండి. "అయిపోయిందా?" అనకండి, "ఎక్కడున్నావు?" అనండి. మధ్యలో ఆపేస్తే ఏ ఘట్టం దగ్గర ఆపారో కనుక్కోండి. చీకటి తట్టుకోలేక ఆపినవాళ్లకి "స్టేషన్ ఎలెవన్", నడక నెమ్మదని ఆపినవాళ్లకి ట్రిఫిడ్స్. ఎవరైనా ఆసుపత్రిలో ఉన్నప్పుడు, ఇంట్లో చావు జరిగినప్పుడు ఈ పుస్తకాల ఊసే ఎత్తకండి.

చివరగా రెండు భాగాలున్న నవల సంగతి. ఈ కోవలోదే అయిన "పారబుల్ ఆఫ్ ది సోవర్"కి 1998లో రెండో భాగం వచ్చింది, మొదటిదానికంటే కర్కశంగా ఉంటుంది. మొదటిది ఒక్కటే చదివినా కథ నిలబడుతుందని పుస్తకం ఇచ్చేటప్పుడే చెప్పేయండి. రెండోది వాళ్లు అడిగితేనే ఇవ్వండి.