ఆల్కహాలిక్స్ అనానిమస్ బృందంలో సేవ మొదలుపెట్టే విధానం

1992లో దూబగుంట మహిళలు సారాపై తిరగబడిన నెల్లూరు జిల్లాలో, తాగుడు మానాలనుకునే మనిషికి తోడు నిలవడం కూడా అంతే అవసరమైన పని. తాగుడు మానాలనుకునేవారు ఒకరికొకరు తోడుగా నిలిచే ఆల్కహాలిక్స్ అనానిమస్ బృందంలో సేవను చిన్న పనితోనే మొదలుపెట్టండి. సమావేశానికి అరగంట ముందే వెళ్లి, కుర్చీలు వేసి, టీ సిద్ధం చేసి, గుమ్మం దగ్గరే తటపటాయిస్తున్న కొత్త వ్యక్తిని "లోపలికి రాండన్నా, కూర్చోండి" అని పిలవండి. ఏ ఊరు, ఎవరి అబ్బాయి అని మాత్రం ఆరా తీయవద్దు. నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద సేవ ఇదే.

కార్యదర్శి, కోశాధికారి బాధ్యతలకు ఎంతకాలం తాగకుండా ఉండాలో ఆయా బృందమే నిర్ణయిస్తుంది. గడువు తీరగానే వాటిని మరొకరికి అప్పగించాలి. ఈ బృందాలు పాటించే సూత్రాల్లో ఒకటైన ఏడవ సంప్రదాయం ప్రకారం బృందం సభ్యుల చందాతోనే నడవాలి కాబట్టి, కావలి వ్యాపారి ఒకరు అభిమానంతో విరాళం ఇవ్వబోయినా మర్యాదగా వద్దనాలి. వసూలైన డబ్బును ఇద్దరి ఎదుట లెక్కించి, అద్దె, టీ ఖర్చులతో సహా పుస్తకంలో రాయాలి.

తాగేవారిని కలవడానికి ఒంటరిగా కాక, మరో సభ్యుడితో కలిసి వెళ్లండి. తాగుడు హఠాత్తుగా ఆపినందువల్ల తీవ్రమైన వణుకు, మూర్ఛ, మతిభ్రమ కనిపిస్తే, మాటలతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

సభ్యులెవరో బయటికి తెలియకూడదు కాబట్టి, సమావేశం ఫొటోలను వాట్సాప్‌లో పెట్టకూడదు. ఒంగోలు బస్టాండులో సభ్యుడు కుటుంబంతో ఎదురైతే, ఆయనే పలకరించేదాకా ఆగి, అప్పుడైనా సమావేశం ప్రస్తావన తేకుండా మాట్లాడండి.