పాత వింటేజ్ షాంపేన్ తెరిచే ముందు జాగ్రత్తలు

వింటేజ్ షాంపేన్ అంటే ఒకే ఏడాది పండిన ద్రాక్షతో చేసిన బుడగల వైన్. 2008 లాంటి మంచి ఏడాది సీసా చేతికొస్తే తొందరపడకండి.

- ఇన్నాళ్లూ చీకట్లో, చల్లగా ఉందా? వెలుతురు తగిలితే ఉడికిన క్యాబేజీ వాసన వస్తుంది.

- ఫ్రీజర్ వద్దే వద్దు. మరీ చల్లబడితే ఏళ్ల తరబడి కుదిరిన బాదం, తేనె, కాల్చిన బ్రెడ్ సువాసనలు పైకి రావు. 10-12 డిగ్రీలు చాలు.

- కొత్తలో లోపల 5-6 అట్మాస్ఫియర్ల ఒత్తిడి ఉంటుంది. వయసుతో కొంత తగ్గినా నమ్మొద్దు. బిరడాను పట్టి ఉంచే తీగ వదులు చేస్తున్నప్పుడే బొటనవేలు బిరడా మీద ఉంచండి. సీసా మూతిని మనుషుల వైపు పెట్టకండి. బిరడాను గట్టిగా పట్టుకుని సీసాను తిప్పండి. పాత బిరడా విరిగే ప్రమాదముంది, కాబట్టి నెమ్మదిగా.

- సన్నటి, పొడవాటి ఫ్లూట్ గ్లాసు కన్నా, మధ్యలో వెడల్పై మూతి దగ్గర సన్నబడే తులిప్ గ్లాసు మేలు.

- బుడగలు తగ్గాయని పారబోయకండి, అది వయసు లక్షణం. పది నిమిషాలు గ్లాసులో ఉంచి మళ్లీ రుచి చూడండి.