పైన్ పలకను గట్టిపరచడం ఎలా?

అనంతపురంలో పాత ప్యాకింగ్ పెట్టెల చెక్క అమ్మే అంగళ్లలో పైన్ పలకలు చవకగా దొరుకుతాయి. తేలిగ్గా ఉంటాయి, వాటి మీద చిత్రిక హాయిగా నడుస్తుంది. కానీ మెత్తన. బొటనవేలి గోరుతో నొక్కినా గాటు పడుతుంది. వానలకు ఉబ్బుతాయి, మన ఎండలకు బిగదీసుకుని సందులు విడుస్తాయి. ఈ రెండు లోపాలనూ చాలావరకు సరిచేయొచ్చు. 10 × 20 సెంటీమీటర్లు, 25 మిల్లీమీటర్ల మందం ఉన్న పలకతో ఎలా చేయాలో చెబుతాను. అలాంటివి నాలుగైదు కలిపితే మంచి పీట అవుతుంది.

పలకను ఎంచుకోవడం

పెట్టె మీద హెచ్‌టీ ముద్ర ఉన్న చెక్కే తీసుకోండి. ఎంబీ అని ఉంటే విషవాయువు పట్టించినది, ముట్టుకోవద్దు. హెచ్‌టీ అంటే పురుగు చావడానికి చెక్క లోపలి దాకా 56 డిగ్రీల వేడిని 30 నిమిషాలు పట్టించారని అర్థం. మనం పెట్టబోయే వేడి వేరు. రంగు, నూనె మరకలు, ముడులు ఉన్నవి వద్దు.

తర్వాత పలక చివర కోసిన ముఖాన్ని దగ్గరగా చూడండి. లేత, ముదురు గీతలు ఒకదాని పక్కన ఒకటి కనిపిస్తాయి. అవి పలక వెడల్పు వెంట పడుకున్నట్టు ఉండాలి. అప్పుడు లేత భాగం సమంగా అణుగుతుంది. గీతలు నిలబడి ఉంటే నొక్కినప్పుడు వంకర్లు తిరుగుతాయి.

ఆవిరి, ఆపై ఒత్తిడి

పైన్ చెక్కలో మూడింట రెండు వంతులు ఖాళీ జాగానే. వేడి, తేమ తగిలితే కణకవచాల్లోని లిగ్నిన్ అనే జిగురు లాంటి పదార్థం మెత్తబడుతుంది. అప్పుడు నొక్కితే కణాలు విరగకుండా అణుగుతాయి. అందుకే ముందుగా పలకను మూతపెట్టిన పాత్రలో గంటసేపు ఆవిరి పట్టించాలి.

వెల్డింగ్ షాపులో ఒక ఇనుప చట్రం, పలక కన్నా వెడల్పైన రెండు మందపాటి ఇనుప ప్లేట్లు చేయించుకోండి. ప్లేట్ల అంచుల్లో బోల్టులకు రంధ్రాలు ఉండాలి. చదరపు సెంటీమీటరుకు 50 కిలోల ఒత్తిడి అనుకుంటే, మన పలకకు 10 టన్నులు కావాలి. లారీలకు వాడే 20 టన్నుల బాటిల్ జాకీ సరిపోతుంది.

పలకను చట్రంలో రెండు ప్లేట్ల మధ్య పెట్టి, దానికి అటూ ఇటూ 15 మిల్లీమీటర్ల మందం ఉన్న ఇనుప పట్టీలు ఉంచి, అవి తగిలేదాకా నిదానంగా నొక్కండి. తొందరపడితే చెక్క చీలుతుంది. చట్రానికి ఎదురుగా నిలబడొద్దు. పలక ఆ మందానికి దిగాక బోల్టులు బిగించి జాకీ తీసేయండి. ప్లేట్లు మాత్రం విప్పకూడదు. ఘనమీటరుకు 450 కిలోలుండే పైన్ ఇప్పుడు 750 దగ్గరికి వస్తుంది. టేకు సాధారణంగా 600 నుంచి 700 మధ్యే ఉంటుంది.

అణిగిన చెక్కను నిలపడం

అసలు పని ఇదే. నేను మొదటిసారి చేసిన పలకను వేడి పెట్టకుండానే పీటకు బిగించాను. వాకిలి కడిగిన నీళ్లు తగిలి, రెండు రోజుల్లో ఒక అంచు పాత మందానికి లేచిపోయింది. చాలా బాధేసింది. నొక్కిన చెక్క తన పాత ఆకారాన్ని మరిచిపోదు, తడి తగిలితే మళ్లీ లేస్తుంది. దాన్ని మరిపించేది వేడే.

ప్లేట్లతో సహా ఓటీజీలో (కేకులు కాల్చే కరెంటు పొయ్యిలో) పెట్టి, 105 డిగ్రీల దగ్గర ఎనిమిది, పది గంటలు పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత మొత్తాన్ని అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టి, మెల్లగా 190కి పెంచి మూడు గంటలు ఉంచండి. 200 దాటనివ్వొద్దు. ఫిన్లాండ్‌లో ఆవిరి మధ్య వేడిచేసే థర్మోవుడ్ పద్ధతిలో పైన్ లాంటి మెత్తచెక్కకు 190, 212 డిగ్రీల రెండు తరగతులు ఉన్నాయి. కానీ ఇంట్లో ఆ ఆవిరి రక్షణ ఉండదు. పైన్ బంక ఆవిరికి నిప్పంటుకుంటుంది కాబట్టి ఈ పని ఆరుబయట చేయండి. పక్కన ఇసుక బకెట్ ఉండాలి, పొయ్యి వదిలి కదలకూడదు. ఆ ఓటీజీని మళ్లీ వంటకు వాడొద్దు.

పూర్తిగా చల్లారాకే బోల్టులు విప్పండి. చెక్క తేనె రంగుకో కాఫీ రంగుకో తిరిగి ఉంటుంది. అంచు నుంచి వేలెడు ముక్క కోసి ఒక రోజు నీళ్లలో నానబెట్టి, ఆరాక మందాన్ని వెర్నియర్‌తో (సన్నని కొలతలు తీసే పనిముట్టుతో) కొలవండి. 15 మిల్లీమీటర్లకు దగ్గరగా ఉంటే పని కుదిరినట్టే. 20 దాటితే తర్వాతి పలకకు వేడి సమయం పెంచాలి.

2018లో మేరీలాండ్ విశ్వవిద్యాలయం వాళ్లు చెక్కను కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైట్ ద్రావణంలో ఉడికించి నొక్కి, ఇంకా ఎంతో గట్టి చెక్కను తయారుచేశారు. ఇంట్లో ఆ ద్రావణం జోలికి పోకండి, కళ్లు పోతాయి.

వాడేటప్పుడు

వేడి పట్టిన చెక్క కొంత పెళుసవుతుంది. రంధ్రం వేయకుండా స్క్రూ దింపితే చీలుతుంది. దూలాలకు, బరువు మోసే చోట్లకు వాడొద్దు. ఎండకు రంగు బూడిదవుతుంది కాబట్టి ఏటా అవిసె నూనె పట్టించాలి. ఇక చెదలు. వేడి పెట్టాం కదా, చెద పట్టదు అనుకుంటారు గానీ అది నిజం కాదు. అందుకే మట్టినేల మీద పెట్టే పీటకు పైపలక పైన్‌తో చేసినా, కాళ్లకు నేను ముదురు వేప చెక్కే వాడతాను.