సిగరెట్ వాసన పట్టిన అద్దె ఇల్లు: రంగులకన్నా ముందు గోడలు కడిగించండి

అద్దెకున్నవాళ్లు ఖాళీ చేశారు. ఇల్లు ఊడ్చి, తుడిచి, సాంబ్రాణి కూడా వేశారు. అయినా తలుపు తీయగానే గుప్పున సిగరెట్ కంపు. చూడటానికి వచ్చినవాళ్లు హాల్లో నిలబడి, మళ్లీ ఫోన్ చేస్తామని చెప్పి వెళ్లిపోతున్నారు. గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేటల్లో గోడకు గోడ ఆనుకుని గాలి సరిగా ఆడని పోర్షన్లయితే ఈ బాధ మరీ ఎక్కువ.

పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం ఉన్న గుంటూరులో పొగాకు ఎవరికీ కొత్త కాదు. కానీ ఆకు వాసన వేరు, కాల్చిన పొగ వేరు. పొగలోని తారు, నికోటిన్ గోడలకు, చెక్కకు, బట్టలకు సన్నటి జిగట పొరలా అంటుకుంటాయి. సాంబ్రాణి, అగరొత్తులు దాని మీద ఇంకో పొగ చేరుస్తాయంతే. నేల మీద పాకే పిల్లలున్న కుటుంబం దిగబోతుంటే ఇది వాసనతో పోయే విషయం కూడా కాదు, ఆ జిగట చేతులకంటి నోట్లోకి పోతుంది.

ముందు ఎక్కడ పట్టిందో చూడండి

తెల్ల గుడ్డను గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండి, సీలింగుకు దగ్గరగా గోడ మీద రుద్దండి. గుడ్డ టీ రంగుకు తిరిగితే పని గట్టిగానే ఉన్నట్టు. క్యాలెండర్ తీసేసిన చోట తెల్లటి చదరం, దాని చుట్టూ పసుపు కనిపిస్తుంది. ఫ్యాన్ రెక్క పైభాగాన్ని వేలితో తాకండి. మామూలు దుమ్మయితే పొడిగా రాలుతుంది, ఇది బంకలా వేలికి అంటుకుంటుంది.

బట్టలు బయటికి, కిటికీలు బార్లా

కర్టెన్లు, పరుపులు, కాళ్లపట్టలు వదిలి వెళ్లి ఉంటే తీసేయండి. కర్టెన్లు ఉతికి ఎండలో వేస్తే బాగుపడతాయి. పరుపు మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు. ఎదురెదురు కిటికీలు తెరిచి, వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి ఉంచండి.

గోడలు కడగడం

అసలు పని ఇదే. చాలామంది దీన్ని వదిలేసి నేరుగా పెయింటర్‌ను పిలుస్తారు. జిగట మీద రంగు వేస్తే కొన్నాళ్లకు పసుపు మరకలు పైకి ఊరతాయి, వానాకాలం తేమకు కంపు మళ్లీ లేస్తుంది.

ఎమల్షన్ గోడలైతే గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి స్పాంజితో రుద్దించండి. కింద నుంచి పైకి కడగాలి. పై నుంచి మొదలుపెడితే మురికి నీళ్లు పొడి గోడ మీద కారి చారలు కడతాయి, అవి ఓ పట్టాన వదలవు. నీళ్లు గోధుమరంగుకు రాగానే మార్చేయాలి. చివర మంచినీళ్లతో తుడవండి. సీలింగును మర్చిపోవద్దు, పొగ ఎక్కువగా చేరేది అక్కడే. పాత సున్నం, డిస్టెంపర్ గోడలు తడిస్తే పొట్టు లేస్తాయి కాబట్టి వాటిని గీకించడమే మేలు.

తలుపులు, అల్మరా అరలు, టైల్స్ మీద ఒక వంతు వెనిగర్‌కు రెండు వంతుల నీళ్లు కలిపి తుడవండి. నికోటిన్ క్షార గుణం ఉన్నది, పులుపుకు త్వరగా కరుగుతుంది. మార్బుల్ మీద, మన ఇళ్లలో పరిచే నాపరాళ్ల మీద మాత్రం వెనిగర్ పోయకండి. రెండూ సున్నపురాయి జాతివే, మెరుపు పోయి మచ్చలు పడతాయి. ఇంకో మాట, బ్లీచింగ్ పౌడర్‌ను వెనిగర్‌తో ఎన్నడూ కలపవద్దు. క్లోరిన్ వాయువు పుట్టి ఊపిరితిత్తులకు ప్రమాదం.

మెయిన్ ఆఫ్ చేసి స్విచ్ బోర్డులు, ట్యూబ్‌లైట్లు, ఫ్యాన్లు తుడవండి. కిటికీల దోమల జాలీ విప్పి సబ్బు నీళ్లలో నానబెట్టండి. ఏసీ ఉంటే ఫిల్టర్‌తో సరిపెట్టకుండా మెకానిక్ చేత లోపలి కాయిల్ కూడా కడిగించండి. అప్పటిదాకా దాన్ని వేయకండి, కడిగిన గదిలోకే పాత కంపు కొడుతుంది.

ఇప్పుడు రంగులు

గోడలు పూర్తిగా ఆరాక ఒక కోటు ఆయిల్ ప్రైమర్, దాని మీద రెండు కోట్లు ఎమల్షన్. వాటర్ ప్రైమర్ చాలని పెయింటర్ అంటే ఒప్పుకోకండి, పసుపును పట్టి ఉంచేది ఆయిల్ ప్రైమరే. ఆ ప్రైమర్ ఘాటు పోయేదాకా కిటికీలు తెరిచే ఉంచండి.

ఖాళీ చేసేటప్పుడు రంగులకని ఒక నెల అద్దె పట్టుకోవడం చాలాచోట్ల ఉన్నదే. కడగడం, ప్రైమర్ ఖర్చు కూడా అందులోంచి తీసుకునేటట్టయితే ఇల్లు ఇచ్చే రోజే అగ్రిమెంటులో రాసుకోండి. తర్వాత అడిగితే మాటా మాటా పెరుగుతుంది.

టూలెట్ బోర్డు పెట్టే ముందు ఒక పగలూ రాత్రీ ఇల్లంతా మూసి ఉంచండి. మర్నాడు మధ్యాహ్నం సిగరెట్ అలవాటు లేని మనిషిని, వీలైతే ఆ ఇంట్లోకి అంతవరకు రానివాళ్లను, ముందుగా లోపలికి పంపండి. మీ ముక్కు ఈపాటికి అలవాటు పడి ఉంటుంది. ఇంకా వాసన ఉందంటే ముందు అల్మరాల లోపలి చెక్క, తలుపుల పైఅంచులు చూడండి. చేయి పడకుండా మిగిలిపోయేవి ఎక్కువగా అవే.