కంప్యూటర్ సెంటర్ పని – 7వ పాఠం: తెరుచుకోని వర్డ్ ఫైలు

పెన్‌డ్రైవ్‌లోని ఫైలును ముందు సిస్టంలోకి కాపీ చేసుకోవడం గత పాఠంలో చూశాం. ఈ పాఠమంతా ఆ కాపీ మీదే. అసలు ఫైలు జోలికి పోకండి. పెన్‌డ్రైవ్ పెట్టగానే విండోస్ స్కాన్ చేసి సరిచేస్తానంటే, కాపీ అయ్యేదాకా వద్దనండి. ఆ మరమ్మతులో తెగిన ముక్కలు ఒక్కోసారి ఫౌండ్ 000 అనే ఫోల్డరులోకి పేరూ ఊరూ లేకుండా పోతాయి.

అనంతపురం, కర్నూలు, కడపల్లో ఎక్కడైనా యూనివర్సిటీ దగ్గరి జిరాక్స్ షాపుకు ప్రాజెక్టు రిపోర్టుల కాలంలో ఈ మాట తప్పదు: "అన్నా, రాత్రి బాగానే తెరుచుకుండె, రేపే సబ్మిషన్." కంగారుగా ఏదో రిపేర్ సాఫ్ట్‌వేర్ దించుకోవద్దు. ముందు ఫైలు సైజు చూడండి. సైజు సున్నా అయితే అందులో ఏమీ లేదు. 162 బైట్లు ఉండి, పేరు ~$ గుర్తులతో మొదలైతే అది రిపోర్టే కాదు. ఫైలు తెరిచి ఉన్నంతసేపు వర్డ్ పక్కన పెట్టుకునే గుర్తు ఫైలు అది. అసలుది ఇంట్లో కంప్యూటర్‌లోనే ఉండిపోయింది, మళ్లీ తెమ్మనండి.

సైజు సరిగ్గా ఉంటే కాపీని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. చెత్తలా కనిపిస్తుంది, ఫర్వాలేదు, మనకు కావలసింది మొదటి నాలుగైదు అక్షరాలే. ఏమీ మార్చకండి, సేవ్ చేయకండి. మొదట 'పీ, కే' అనే రెండు ఇంగ్లిషు అక్షరాలుంటే అది నిజమైన డాక్‌ఎక్స్, అంటే ఇప్పటి వర్డ్ ఫైలు. శాతం గుర్తు వెంట పీడీఎఫ్ అని ఉంటే ఎవరో పేరు మాత్రమే మార్చారు. హెచ్‌టీఎంఎల్ అని కనిపిస్తే డౌన్‌లోడ్ అయింది ఫైలు కాదు, ఏదో లాగిన్ పేజీ. అడ్డగీత ఉన్న డీ, రెండు చుక్కల ఐ కనిపిస్తే అది పాత డాక్ ఫైలు కావచ్చు, లేదా పాస్‌వర్డ్ పెట్టిన డాక్‌ఎక్స్ కావచ్చు. పాస్‌వర్డ్ ఉందేమో అడగండి. మొదటి నుంచి చివరిదాకా ఖాళీగానే ఉంటే బైట్లన్నీ సున్నాలు. సేవ్ అవుతుండగా కరెంటు పోతే ఇలా కావచ్చు. డిస్కులో చోటు కేటాయింపు అయింది, రాత పడలేదు. ఆ ఫైలును ఏ సాఫ్ట్‌వేరూ బతికించలేదు. వాళ్ల కంప్యూటర్‌లో ఏఎస్‌డీ పొడిగింపు (పేరు చివర చుక్క తర్వాతి అక్షరాలు) ఉన్న ఆటోరికవర్ ఫైళ్లు, అంటే వర్డ్ తనంతట తాను దాచుకునే కాపీలు, మెయిల్‌లో గైడ్‌కు పంపిన పాత కాపీ వెతికించండి.

'పీ, కే' కనిపించిందంటే ఆశ ఉంది. మెయిల్‌లోనో వాట్సాప్‌లోనో వచ్చిన ఫైలైతే ప్రాపర్టీస్‌లో అన్‌బ్లాక్ టిక్ పెట్టి చూడండి. తర్వాత వర్డ్‌లో ఫైల్, ఓపెన్, బ్రౌజ్. ఫైలును ఎంచుకుని, ఓపెన్ బటన్ పక్కనున్న బాణం నొక్కి 'ఓపెన్ అండ్ రిపేర్' ఎంచుకోండి. కాకపోతే వర్డ్ లాంటిదే అయిన లిబ్రే ఆఫీస్‌లో తెరిచి చూడండి. వర్డ్ మొరాయించిన ఫైళ్లను అది తెరవడం మామూలే.

ఇవేవీ పనిచేయకపోతే అసలు పని మొదలవుతుంది. 2007 నుంచి వచ్చిన డాక్‌ఎక్స్ నిజానికి ఒక జిప్ మూట. కాపీ పేరు చివర జిప్ అని మార్చి (ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ కింద పొడిగింపులు కనిపించేలా పెట్టుకోవాలి), జిప్ మూటలు విప్పే 7-జిప్ సాఫ్ట్‌వేర్‌తో తెరవండి. వర్డ్ అనే ఫోల్డరులో డాక్యుమెంట్ ఎక్స్‌ఎంఎల్ ఫైలులో రాత, మీడియా ఫోల్డరులో ఫొటోలు ఉంటాయి. జిప్ విషయసూచిక ఫైలు చివర్లో ఉంటుంది. కాపీ మధ్యలో పెన్‌డ్రైవ్ లాగేస్తే ముందు పోయేది అదే. అయినా ప్రతి ముక్క ముందూ దాని సొంత శీర్షిక ఉంటుంది కాబట్టి, 7-జిప్ ఎర్రర్ చూపిస్తూనే దొరికినంత బయటికి తీస్తుంది. విన్‌రార్ ఉంటే టూల్స్‌లోని రిపేర్ ఆ సూచికను తిరిగి కడుతుంది.

బయటికి తీసిన డాక్యుమెంట్ ఎక్స్‌ఎంఎల్‌ను బ్రౌజర్‌లో తెరిస్తే తప్పు ఏ లైనులో, ఏ కాలమ్‌లో ఉందో చెబుతుంది. లైను దాదాపు ఎప్పుడూ 2 అనే వస్తుంది, ఎందుకంటే వర్డ్ మొత్తం రాతను ఒకే లైనులో పెడుతుంది. చూడాల్సింది కాలమ్ అంకె. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో అక్కడికి వెళితే తరచుగా ఒక ట్యాగు (< > గుర్తుల మధ్య ఉండే మాట) మూసేముందే బయటి ట్యాగు మూసుకుని ఉంటుంది. ఈక్వేషన్లు, టెక్స్ట్ బాక్సులు ఉన్నచోట ఈ గొడవ ఎక్కువ. వరస సరిచేసి, 7-జిప్‌లో తెరిచి ఉన్న మూటలోని వర్డ్ ఫోల్డరులోకే ఆ ఫైలును లాగి వేయండి. తర్వాత మూట పేరు చివర మళ్లీ డాక్‌ఎక్స్ అని మార్చి వర్డ్‌లో తెరవండి. ఫోల్డరు మొత్తాన్ని కుడి క్లిక్‌తో మళ్లీ జిప్ చేస్తే బయట ఇంకో ఫోల్డరు చుట్టుకుంటుంది, వర్డ్ దాన్ని ఒప్పుకోదు.

రాత మాత్రమే చాలంటే ఇంకా తేలిక. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ రీప్లేస్‌లో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ ఎంచుకోండి. ముందు పేరా ముగింపు ట్యాగులను (</w:p>) కొత్త లైనుగా (\n) మార్చండి. తర్వాత <[^>]+> వెతికి, రెండో గడి ఖాళీగా ఉంచి అన్నీ మార్చండి. ట్యాగులు ఎగిరిపోయి రాత మిగులుతుంది. పేరా ముగింపులు మార్చడం మరిచి ముందే ట్యాగులు తీసేస్తే నూరు పేజీలూ ఒకే పేరా అవుతాయి.

ఇంకొకటి. ఫైలు తెరుచుకుని, తెలుగుకు బదులు ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు కనిపిస్తే అది పాడైన ఫైలు కాదు. అను లాంటి యూనికోడ్ కాని ఫాంట్‌లో టైపు చేసి ఉంటారు. ఆ ఫాంట్ వేస్తే చాలు. దీన్ని రిపేర్ చేయబోయి మంచి ఫైలును పాడుచేయకండి.

అభ్యాసం: ఒక ఫొటో, రెండు పేరాలతో డాక్‌ఎక్స్ తయారుచేసి కాపీ తీయండి. డాక్యుమెంట్ ఎక్స్‌ఎంఎల్‌లో ఒక ముగింపు ట్యాగు తీసేసి, మూటలో తిరిగి వేసి, వర్డ్ చూపే కాలమ్ అంకెను పట్టుకుని సరిచేయండి. ఎక్సెల్ షీట్ల సంగతి వచ్చే పాఠంలో.