వజ్రాల మకాం: దోస్తులు దేశాలు మారినా డీ అండ్ డీ ఆగకుండా నడిపే పద్ధతి

డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) అంటే ఒకరు కథ నడుపుతుంటే మిగతావాళ్లు తలా ఒక పాత్రగా, డైస్ వేస్తూ ఆడే ఆట. ఈ జట్లు చాలావరకు చెదిరేది ఆట విసుగు పుట్టి కాదు, వీసాలు వచ్చి. కడపలో ఐదుగురు మొదలుపెడితే రెండేళ్లకు ఒకరు కువైట్‌లో, ఒకరు డల్లాస్‌లో, ఇంకొకరు బెంగళూరులో ఉంటారు. ఆన్‌లైన్‌లో ఎలా ఆడాలని అప్పుడు వెతకడం ఆలస్యమే. అందరూ ఒక మిద్దె మీద కూర్చున్న మొదటి రోజే, ఎవరు రాకపోయినా తెగిపోని విధంగా క్యాంపెయిన్‌ను, అంటే వారాల తరబడి సాగే కథను, కట్టాలి.

అందుకు కీలకం ఒక్కటే. ప్రతి సెషన్ (ఒక పూట ఆట) ఒకే చోట మొదలై, ఆ పూటకే తిరిగి అదే చోటికి చేరాలి. కొత్త డీఎంలు (డంజన్ మాస్టర్లు, అంటే కథ నడిపేవాళ్లు) మంచి పట్టులో ఉన్న కొట్లాటను సగంలో ఆపి "మిగతాది వచ్చే వారం" అంటారు. వచ్చే వారం ఆ కొట్లాటలో ఉన్న ఇద్దరికి డ్యూటీ పడుతుంది. మూడో వారానికి ఎవరు ఎక్కడ నిలబడ్డారో ఎవరికీ గుర్తుండదు, ఆట అక్కడితో సరి.

మనకు అలాంటి చోటు వెతుక్కోనక్కర్లేదు. తొలకరి పడగానే కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం వజ్రాల కోసం వెతుకుతారు. కథలో అక్కడొక మకాం పెట్టండి: నాలుగు గుడారాలు, ఒక టీ బంకు, రాళ్లు కొనే ఒక వ్యాపారి. రాని ఆటగాడి పాత్ర ఆ రోజు చేలో రాళ్లు ఏరుకుంటోంది, అంతే. ఇంకే సాకూ అక్కర్లేదు. వచ్చినవాళ్లు ముగ్గురున్నా బయల్దేరతారు.

వెళ్లేది బెలుం గుహలకు. ఒకప్పటి కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా. నిజంలో రెండు చోట్ల మధ్య దూరం చాలానే ఉంది, కథలో ఒక పూట నడకకు కుదించేయండి. గుహ పొడవు సుమారు 3.2 కిలోమీటర్లు, సందర్శకులు తిరగగలిగేది అందులో ఒకటిన్నర. మిగిలినదంతా డీఎం సొంతం. సింహద్వారం, కోటిలింగాలు, సప్తస్వరాల గుహ, ధ్యానమందిరం, పాతాళగంగ అని గదులకు పేర్లు కూడా సిద్ధంగా ఉన్నాయి. సెషన్‌కు ఒక్క గది చాలు. సప్తస్వరాల గుహలో వేలాడే రాళ్లను తడితే లోహంలా మోగుతాయి. ఏ వరుసలో తడితే తలుపు తెరుచుకుంటుంది, తప్పు తడితే ఎవరు లేస్తారు? ఇంత రాసుకుంటే ఒక గంట ఆట అయినట్టే.

తలుపు తెరిచే గుట్టును మాత్రం ఒకే డైస్ మీద వేలాడదీయకండి. ఈ ఆటలో 20 ముఖాల డైస్ వేసి, వచ్చిన అంకెకు పాత్ర సామర్థ్యాన్ని బట్టి కొంత కలుపుతారు. మొత్తం డీఎం అనుకున్న అంకెను అందుకుంటే పని అయినట్టు. సులువైన పనికి 10, మధ్యస్థానికి 15, కష్టానికి 20. +3 ఉన్న పాత్ర 15 అందుకోవాలంటే డైస్ మీద 12 గానీ అంతకు ఎక్కువ గానీ పడాలి, అంటే నూటికి 45 పాళ్లే. సగానికి పైగా సార్లు తలుపు మూసే ఉంటుంది, ఆట అక్కడే కూర్చుంటుంది. అందుకే అదే గుట్టు మూడు చోట్ల పెట్టండి: గోడ మీద గీతలు, చనిపోయినవాడి సంచిలో కాగితం, మకాంలో ముసలాయన పాడే పాట. "అన్నా, ఆ బండరాయి ఎక్కి పైనుంచి చూస్తా" అని ఎవరైనా మంచి ఆలోచన చెప్తే రెండు డైస్ వేయించి పెద్దది తీసుకోండి. 45 పాళ్లు దాదాపు 70 అవుతాయి.

మొదటి కొట్లాటలోనే జట్టు మొత్తం చచ్చిపోవడం ఇంకో మామూలు తప్పు. నలుగురు ఒకటో లెవెల్ (అప్పుడే మొదలైన) పాత్రల మీదికి నాలుగు గోబ్లిన్‌లను (పొట్టి రాక్షసులను) వదలడం చిన్న విషయంగానే కనిపిస్తుంది. 2014 నాటి నియమాల లెక్కలో ఒక్కో గోబ్లిన్ 50 ఎక్స్‌పీ (ఓడిస్తే వచ్చే, లెవెల్ పెంచే అనుభవ పాయింట్లు), నాలుగూ కలిసి దాడి చేస్తాయి కాబట్టి మొత్తాన్ని రెట్టింపు చేస్తే 400. ఆ జట్టుకు అది ప్రాణాంతకం అనే గీత సరిగ్గా అక్కడే ఉంది. అదే నలుగురు బందిపోట్లయితే ఒక్కొక్కరికి 25 చొప్పున, రెట్టింపు చేసినా 200, మధ్యస్థం. వజ్రాల కథలో మొదటి రాత్రి రావాల్సింది దొంగలే, గోబ్లిన్‌లు కాదు. ముగ్గురే ఆడుతుంటే ఒక దొంగను తగ్గించండి.

ఎక్స్‌పీని హాజరును బట్టి పంచకండి. సెలవు రోజు కూడా షిఫ్టులో ఉన్నవాడు ఒకటో లెవెల్‌లో మిగిలిపోతే, వచ్చిన రోజు అతనికి దెబ్బలు తినడం తప్ప పనుండదు. రెండు సెషన్లకు రెండో లెవెల్, ఐదింటికి మూడో లెవెల్, అందరికీ ఒకేసారి.

పుస్తకాలకు డబ్బు పెట్టే ముందు ఎస్ఆర్‌డీ 5.1 (ఆట మూల నియమాల పత్రం) దించుకోండి. 400 పేజీల పైచిలుకు పీడీఎఫ్, ఉచితం. 2023 జనవరిలో దాన్ని ఎవరైనా వాడుకోగల క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదల చేశారు కాబట్టి మూలం పేరు చెప్పి తెలుగులో రాసుకున్నా తప్పు లేదు. బలం, చురుకు, దమ్ము, తెలివి, వివేకం, మాటకారితనం అని ఆరు గుణాలనూ రెండు పేజీల్లో తెలుగు చేసి ఉంచితే, ఇంగ్లీషు పుస్తకం చూసి బెదిరే తమ్ముడు కూడా గంటలో కూర్చుంటాడు. గుణాలకు 15, 14, 13, 12, 10, 8 పంచుకోమనండి. కలుపుకునే అంకె కావాలంటే గుణంలోంచి 10 తీసేసి సగం చేయాలి, సగం మిగిలితే కిందికి దించాలి. 15కు +2, 8కి −1.

ఈ ఆటకు కావాల్సిన ఏడు డైస్ సెట్ ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాల్సిందే. అది వచ్చేదాకా పేకముక్కలతో గడపొచ్చు: ఆటీన్ ఆసు నుంచి పది వరకు 1 నుంచి 10, ఇస్పేటు ఆసు నుంచి పది వరకు 11 నుంచి 20. తీసిన ముక్కను ప్రతిసారీ తిరిగి పెట్టి కలపాలి, లేకపోతే పెద్ద ముక్కలు అయిపోయాయని లెక్కపెట్టే బావ ఒకడు ప్రతి జట్టులో ఉంటాడు. అష్టాచెమ్మ గవ్వలు పనికిరావు. నాలుగు గవ్వలతో వచ్చేది ఐదు ఫలితాలే, పైగా వెల్లకిలా, బోర్లా పడే అవకాశాలు సమానం కాదు. ఇంకో మాట: ఉగ్గాణి, బజ్జీలు ఆట మొదలయ్యే ముందే అయిపోవాలి. నూనె చేతులతో క్యారెక్టర్ షీట్ (పాత్ర వివరాల కాగితం) ముట్టుకుంటే హెచ్‌పీ (ప్రాణ పాయింట్ల) గడిలో పెన్సిల్ పట్టదు.

ఇక గంటలు. ఆటను ఎప్పుడూ మన టైముకు కట్టండి, ఎందుకంటే ఇండియా, కువైట్ గడియారాలు మారవు. శనివారం రాత్రి 8:30 అంటే కువైట్‌లో సాయంత్రం 6, అక్కడ శుక్ర, శనివారాలు సెలవు. డల్లాస్‌లో ఎండాకాలం పొద్దున 10, చలికాలం 9. అమెరికా గడియారం మార్చి రెండో ఆదివారం ముందుకు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి జరుగుతుంది. లండన్‌లో ఎవరైనా ఉంటే, అక్కడ మారేది మార్చి, అక్టోబరు చివరి ఆదివారాల్లో. ఈ నడుమ వారాల్లోనే ఒకరు గంట ఆలస్యంగా వచ్చి తిట్లు తింటారు. ముందురోజే వాట్సాప్‌లో మూడు ఊళ్ల టైమూ రాసి పెట్టండి.

మాటకు డిస్కార్డ్, మ్యాపుకు బ్రౌజర్‌లో తెరుచుకునే ఔల్‌బేర్ రోడియో చాలు. ఒకే గదిలో ఇద్దరుంటే ఒక్క ఫోనే వాడాలి, రెండు ఫోన్లు తెరిస్తే ప్రతి మాటా రెండుసార్లు మోగుతుంది. రెండున్నర గంటలకు మించి ఆన్‌లైన్ సెషన్ పెట్టకండి. మనవైపు రౌటర్‌ను ఇన్వర్టర్ లైనులో కలపకపోతే కరెంటు పోయినప్పుడు పోయేది డీఎమ్మే. ఆట కాగానే గ్రూపులో ఐదు వరుసలు: ఎవరు వెళ్లారు, ఏం దొరికింది, ఏ గుట్టు మిగిలింది. ఆ కిందే షీట్ల ఫోటోలు.

ఊరు మారేవాళ్ల సంచిలోకి ప్లాస్టిక్ డైస్ సెట్, మడిచిన రెండు పేజీలు, ఒక పెన్సిల్. మూడు ప్రధాన పుస్తకాలు కలిపి మూడు కేజీలు దాటుతాయి, ఆ బరువు పచ్చళ్లకు వదిలేయండి. లోహపు డైస్ చేతి సంచిలో వద్దు, స్కానర్ దగ్గర ఆపి విప్పించే అవకాశం ఎక్కువ.

పాతాళగంగ గదిని మాత్రం ఆన్‌లైన్‌లో తెరవకండి. అందరూ సంక్రాంతి సెలవుకు వచ్చినప్పుడు ఐదు గంటలు, మిద్దె మీద, నిజమైన డైస్‌తో. కాగితాల మీద పెట్టడానికి నాలుగు కంకర రాళ్లు ఏరి పెట్టుకోండి, గాలికి మ్యాపు ఎగిరిపోతుంది.