మొక్క కొనే ముందు మట్టి పీహెచ్ చూసుకోండి

కొత్త చిగురు పసుపు రంగులోకి తిరిగి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయా? వెంటనే ఎరువు వేసేయకండి. చాలాసార్లు మట్టిలో ఇనుము లేక కాదు, మట్టి క్షారంగా ఉండడం వల్ల ఉన్న ఇనుమునే వేళ్లు తీసుకోలేవు.

మట్టి ఆమ్లమా, క్షారమా అని చెప్పే కొలతే పీహెచ్. పీహెచ్ కిట్‌తో ఒకసారి పరీక్షించండి. పైపొర వద్దు, జానెడు లోతు నుంచి నాలుగైదు చోట్ల మట్టి తీసి కలపండి. డిస్టిల్డ్ వాటరే వాడండి, కుళాయి నీళ్లతో రీడింగ్ మారిపోవచ్చు. 7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం.

అజేలియా, కమేలియాలకు ఆమ్ల నేల కావాలి. బ్లూబెర్రీకైతే 4.5 నుంచి 5.5 మధ్య ఉండాల్సిందే. లావెండర్ కాస్త క్షారంలోనూ హాయిగా పెరుగుతుంది. కూరగాయలు చాలావరకు 6–7 మధ్య బాగుంటాయి. హైడ్రాంజియా మాత్రం చూడముచ్చటే! నీలం, గులాబీ రకాల్లో అదే మొక్క ఆమ్ల మట్టిలో నీలంగా, క్షార మట్టిలో గులాబీ రంగులో పూస్తుంది.

గంధకంతో క్షారం తగ్గించొచ్చు గానీ నెలలు పడుతుంది, సున్నం ఎక్కువున్న నేలైతే మళ్లీ మొదటికొస్తుంది. నాకైతే ఆ శ్రమ వద్దనిపిస్తుంది. మనసుపడ్డ ఆమ్లపు మొక్కను తగిన మట్టి మిశ్రమంతో కుండీలో పెట్టుకోండి, వాన నీళ్లు దొరికితే అవే పోయండి.